రత్నమ్మక్క కోసిన గుమ్మడికాయ

వెంకటేశ్వరస్వామికని మాంసం మానేసే పెరటాసి నెలలో ఏర్పేడులోని మా మెస్సులో శనివారం శనివారం గుమ్మడికాయల్లో కొర్రలు కూరి వండుతాం. ఈ పొద్దున గుండాన మూత తీయగానే ఉడికిన గుమ్మడి తీపి వాసన, దాని వెనకే వేయించిన చెనక్కాయల వాసన మొహానికి కొట్టాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిరి తగిలిందిలే అని పక్కవాళ్లతో అన్నాను గానీ, నాకు రత్నమ్మక్క గుర్తొచ్చింది. ఆమె పోయి రెండేళ్లయింది.

రత్నమ్మక్క ఫ్యాక్టరీలుండే శ్రీ సిటీకి పోయే దారిలో మెస్సు నడిపేది. పెళ్లయిన రెండో ఏట నేను ఆమె దగ్గర వంటపనికి చేరాను. భర్త లేడు. ఒక్కడే కొడుకు, బండి మీద ఫ్యాక్టరీకి పోయి వచ్చేవాడు. అమ్మో, ఆమె నోటికి జడవని వాళ్లు లేరు. అన్నం కాస్త మెత్తబడితే చాలు, మా పుట్టింటివాళ్లందరినీ వరసపెట్టి తలుచుకునేది. అట్లాంటి మనిషి మేమందరం తిన్నాక గానీ తను తినేది కాదు. పెరటాసిలో మాంసం మానేసిన ఫ్యాక్టరీ పిల్లకాయలు పప్పన్నం ముందు మొహాలు వేలాడేసుకుంటే చూడలేక ఈ వంట పట్టింది. చిన్న చిన్న కాయలకు పైన మూతలా కోసి, గింజలు తీసి, ఉడికిన కొర్రలూ అలసందలూ చెనక్కాయల పొడీ చింతపండు గుజ్జుతో కలిపి కూరి, మళ్లీ మూత పెట్టి ఆవిరి మీద మగ్గనిచ్చేది. నెయ్యీ పెరుగూ వేస్తే తేలిగ్గా అరిగిపోతుందని దగ్గరికి రానిచ్చేది కాదు. కడుపులో బరువుగా కూర్చుంటేనే కోడికూర గుర్తుకు రాదని ఆమె లెక్క.

మా వైపు నిండు గుమ్మడికాయ మీద ఆడవాళ్లు ముందుగా కత్తి పెట్టరు. పెడితే ఇంట్లో మగవాళ్లకు కీడని భయం. మగవాడు ఒక గాటు పెట్టిచ్చాక మిగతా పని మాది. రత్నమ్మక్క కొడుకు ప్రతి శనివారం పనికి పోయే ముందు గాట్లు పెట్టేవాడు. ఒక శనివారం తొందరలో మరిచిపోయి వెళ్లిపోయాడు. అక్క మార్కెట్టుకు పోయింది. చూస్తే పన్నెండుకల్లా జనం వస్తారు. రోడ్డు మీద ఇద్దరు ముగ్గురిని పిలిచినా ఎవరూ ఆగలేదు. ఏమయితే అదయిందని కాయలన్నీ నేనే కోసేశాను.

ఆ సాయంత్రమే మా ఆయన బండికి కుక్క అడ్డమొచ్చింది. తలకు దెబ్బ. తిరుపతి ఆసుపత్రిలో తెలివి లేకుండా పడివున్నాడు. నేను తట్టుకోలేక కాయలు కోసిన సంగతి మా అత్తతో చెప్పేశాను. ఆమె తిట్టినా బాగుండేది. నేనిచ్చిన నీళ్లు కూడా తాగకుండా అటు తిరిగి కూర్చుంది. నా మొగుణ్ణి నేనే చేతులారా చంపుకుంటున్నానని నాకూ అనిపించింది. ఆయన మంచం దగ్గరికి పోతే ఇంకేం కీడు జరుగుతుందోనని రాత్రంతా వరండాలోనే ఉండిపోయాను.

పొద్దున రత్నమ్మక్క వచ్చి అంతా విన్నది. “నేను ఒక్కనాడు కూడా కాయ మింద కత్తి పెట్టలేదు మే. మా ఇంటాయన ఉన్నన్నాళ్లూ ఆయప్పే కోసిచ్చినాడు. అయినా పోయినాడు గదా” అన్నది. నాకు ఎక్కలేదు. ఆమె లేచి బయటికి వెళ్లి, ఒక గుమ్మడికాయా కత్తీ సంపాదించుకొచ్చింది. రోగుల వెంట వచ్చినవాళ్లు అన్నాలు తినే అరుగు మీదికి మా ఇద్దరినీ లాక్కుపోయి, మా అత్త ఎదురుగానే నిండు కాయను నిలువునా కోసింది.

“నా కొడుకు బండి మింద డ్యూటీకి పోయినాడు. వాడు ఇల్లు చేరేదాకా నేను ఈడనే కూసుంటా. వానికేమన్నా అయితే, అప్పుడు ఈ బిడ్డను అను” అన్నది మా అత్తతో.

కూర్చుంది. ఆ రోజంతా ఏమీ తినలేదు. ఎవరి ఫోను మోగినా ఉలిక్కిపడేది. చీర కొంగు మెలిపెట్టి మెలిపెట్టి నలిపేసింది. సాయంత్రం కొడుకు ఫోను చేసి ఇంటికొచ్చేశానని చెప్పాక గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మా అత్త ఇటు తిరిగి, “పోమ్మా, లోపలికి పోయి వాని దగ్గర కూసో” అన్నది నాతో. పోయి మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. మూడో నాడు కళ్లు తెరిచాడు.

రత్నమ్మక్కకు అట్లాంటి పట్టింపుల్లేవని మొదట అనుకున్నాను. లేకుంటే అంత ఏడుపెందుకు? ఆమె నాకంటే ఎక్కువ నమ్మింది. నమ్మి కూడా, ఉన్న ఒక్క కొడుకు మీద ఒట్టు పెట్టినట్టు ఆ కాయ కోసింది. కన్నతల్లి కూడా నాకోసం అంత చేసివుండదు.

ఇప్పుడు నా మెస్సులో నలుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. అందరికీ ఇంట్లో మొగుళ్లో కొడుకులో ఉన్నారు. కత్తి పట్టుకున్న ప్రతిసారీ మా ఆయన ఇల్లు చేరేదాకా ఫోను వైపే చూస్తుంటాను. ఆ భయం వాళ్లకెందుకని కాయలన్నీ నేనే కోస్తాను.