బావ నమ్మిన ముల్లు

మా బావ కాటాలు బాగుచేస్తాడు. కొట్లలో సరుకు తూచే ముల్లు కాటా ఏది మొండికేసినా బావకే కబురు వస్తుంది. ఇత్తడి తూకం రాళ్ళ పెట్టెను తన పాత కారు డిక్కీలో వేసుకుని బయల్దేరతాడు. ముందు ఖాళీ పళ్ళెం చూస్తాడు, తర్వాత సగం బరువు, ఆ తర్వాత నిండు బరువు. మూడుసార్లూ ముల్లు నిలబడాల్సిన చోట నిలబడితేనే "ఊఁ" అంటాడు. కొట్టు ముందు జనం గోల పెడుతున్నా, కొట్టువాడు కాళ్ళావేళ్ళా పడినా చెవిన వేసుకోడు. "మనుషులంటే అబద్ధం చెబుతారు. ముల్లుకేం అవసరం?" అంటాడు.

అక్క పెళ్ళినాటికి నేను బడికి వెళ్ళే పిల్లను. అప్పటి నుంచీ బావను "నువ్వు" అనే అంటాను, తిట్టాల్సి వస్తే మొహమాటం లేకుండా తిడతాను. పక్క వీధిలో గుండీలూ దారాలూ అమ్మే కొట్టు నాది. మధ్యాహ్నం బేరాలు లేకపోతే వాళ్ళింట్లోనే ఉంటాను. కాబట్టి బావ కారు టాంకు గొడవ మొదటి నుంచీ నా కళ్ళ ముందే జరిగింది, అయినా చివరిదాకా నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

ఆ కారు వయసు ఇంచుమించు వాళ్ళ పెళ్ళి వయసు. పెట్రోలు టాంకుకు సగానికి పైన, అతుకు దగ్గర తుప్పు పట్టింది. సగం దాటితే కారిపోయేది. దాంతో ఏళ్ళ తరబడి సగం వరకే పోయించేవాడు. ఆ వాసన వాళ్ళిద్దరికీ అలవాటైపోయింది. నేను మాత్రం ముక్కు మూసుకుని, "ఏదో ఒకరోజు ఇల్లంతా భగ్గుమంటుంది, చూస్తూ ఉండు" అని నోరు పారేసుకునేదాన్ని. నా నోటికి జడిసో, చిల్లు ఇంకా కిందికి దిగినందుకో, చివరికి టాంకు మార్పించడానికి ఒప్పుకున్నాడు.

మెకానిక్‌ను అందరూ "అయిపోయింది" అని పిలుస్తారు. బండిని జాకీ మీదికి ఎత్తకముందే "అయిపోయింది సార్" అనడం అతని అలవాటు. ఆ రకం కారుకు టాంకులు ఇప్పుడు తయారవడం లేదట. తుక్కు దుకాణంలో వేరే కంపెనీ కారుది దొరికింది, ఆకారం దాదాపు అదే. పాత టాంకులోని పెట్రోలును డబ్బాల్లోకి తోడాడు. కింద బిగించిన ఇనప పట్టీలు విప్పి టాంకు దించేసరికి తుప్పు పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. పెట్రోలు మీద తేలుతూ, ఎంత ఉందో ముందున్న ముల్లుకు తెలియజేసే డొల్ల ఒకటి టాంకులో ఉంటుంది, దాన్ని ఫ్లోటు అంటారు. అది కాస్తా అతని చేతిలోనే విరిగింది.

"ఇప్పుడెలా?" అన్నాడు బావ.

"తుక్కు టాంకులో దాని ఫ్లోటు దానికుంది సార్. నిగనిగలాడుతోంది. వైరు తగిలిస్తే అయిపోయింది."

"ముల్లు సరిగ్గా చూపిస్తుందా?"

"మీరే చూసుకోండి."

తోడిన పెట్రోలు తిరిగి పోసి, ఇంకాస్త కలిపి, ఎప్పటిలాగే సగం చేశారు. బావ తాళం తిప్పాడు. ముల్లు లేచి నడిమధ్యన నిలబడింది. సగం పెట్రోలుకు సగం ముల్లు. బావ మొహం వెలిగిపోయింది, "ఊఁ" అన్నాడు. ఇంటికొచ్చాక అక్క కారు చుట్టూ తిరిగి, "ఏమిటో, వాసన లేకపోతే మన కారులా లేదు" అంది.

గందరగోళం ఆ తర్వాతే మొదలైంది. ఊరంతా తిరిగి వచ్చి చూస్తే ముల్లు సగానికి కాస్త పైన ఉంది. బావ అద్దం మీద వేలితో తట్టాడు. కదల్లేదు. ఇంకా తిరిగాక ఇంకా పైకి వెళ్ళింది. దారిలో పోయించానా అనుకున్నాడు. పోయించినట్టు గుర్తు లేదు, పోయించకుండా పెరగదు. తిన్నగా బంకుకు వెళ్ళి, అక్కడ పెట్రోలు పోసే ఆయన్ని, "నిన్న నేను వచ్చానా?" అని అడిగాడు.

"రాకపోవడమేంటి సార్, ఎప్పుడూ వస్తారుగా!" అన్నాడాయన, ఇంకో బండి వైపు చూస్తూ.

రోజుకు ఎన్ని మొహాలు చూస్తాడో పాపం, నోటికొచ్చింది అనేశాడు. బావ గుండెల్లో మాత్రం రాయి పడింది.

ఎందుకంటే బావ వాళ్ళమ్మ చివరి రోజుల్లో అలాగే ఉండేది. నిండిన బిందెలోనే నీళ్ళు పోస్తూ కూర్చునేది. "నిండిందమ్మా" అంటే, "ఇప్పుడేగా మొదలుపెట్టాను" అనేది. ఆఖరికి బావను చూసి, "నువ్వు ఎవరబ్బాయివి బాబూ?" అని మర్యాదగా అడిగేది. ఆమెకు అన్నం తినిపించిందీ, స్నానం చేయించిందీ బావే. ఆ రోగం తనకూ వస్తుందేమోనన్న భయం అతనికి ఎప్పటి నుంచో ఉంది. ఈమధ్యే కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికాడు. అందరం పగలబడి నవ్వాం. అతను నవ్వలేదు. ఇప్పుడు ముల్లు పైకి పాకుతుంటే అతనికి ఆ బిందే కళ్ళ ముందు కదిలింది. బుర్ర చెడితే కారు వదిలేయాలి. కారు లేకపోతే ఆ రాళ్ళ పెట్టెను మోసుకుని ఊరంతా తిరగలేడు, పనీ వదిలేయాలి. పని లేని బావను నేను ఊహించలేను.

అయితే ఇదంతా నాకు అప్పటికి తెలియదు. నాకు తెలిసిందల్లా ఆ ఇంట్లో ఏదో తేడాగా ఉందని. ఒకనాడు కొట్టు తెరవడానికి వెళుతుంటే ఆటస్థలంలో కారు కుంటుకుంటూ పోతోంది. తీరా చూస్తే స్టీరింగు ముందు మా అక్క! నాకు నేర్పిన బావ ఎన్నేళ్ళు బతిమాలినా, చక్రం పట్టుకుంటే చేతులు వణుకుతాయని నేర్చుకోని మనిషి. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. అక్కే.

"ఇప్పుడు నీకీ సరదా ఏంటే?" అని అడిగితే, "ఊరికే" అంది.

"ఇప్పుడు దానికి నేర్పడమేంటి బావా?" అని అడిగితే, "ఊరికే" అన్నాడు.

ఊరికే అట, నా తలకాయ! అక్క అంతటితో ఆగలేదు. బావ కాటా చూడ్డానికి వెళ్ళినా వెంట తయారు. గుండీలు కొనాలంటుంది. గుండీల కొట్టు పెట్టుకున్న చెల్లెల్ని నేనుండగా ఇంకెక్కడో గుండీలేమిటి? నాకు ఒళ్ళు మండింది. బావేమో కారు ముల్లు మీద తుడుచుకునే గుడ్డ కప్పి నడుపుతున్నాడు. ఎండ తగులుతోందట ముల్లుకి. తలా తోకా లేని ఈ సంసారాన్ని చూసి నాకే బుర్ర తిరిగిపోయింది.

చివరికి అక్కే నా కొట్టుకొచ్చి, తలుపు దగ్గరికి వేసి, బల్ల మీద కూర్చుంది.

"మీ బావ పెట్రోలు పోయించుకుని మర్చిపోతున్నారే. గుడ్డ కప్పకముందూ చూశాను, తీసీ చూశాను. ముల్లు పెరుగుతూనే ఉంది. మా అత్తగారికి వచ్చిందే..." అని ఆగిపోయింది. "ఆయనకు తెలియనివ్వకు. ఒట్టు వెయ్యి."

వేశాను. అక్క ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ కన్నీళ్ళు ఆరకముందే, మర్నాడు పొద్దున బావ వచ్చాడు. కారు తాళం నా బల్ల మీద పెట్టాడు.

"పెట్టె డిక్కీలో ఉంది. ఊరి ఆ చివర ఇంకో కాటా రిపేరాయన ఉన్నాడుగా, ఆయనకిచ్చేసిరా. నేను మానేస్తున్నానని చెప్పు."

"పిచ్చి పట్టిందా నీకు?"

"అదేనే నేను చెప్పేదీ" అన్నాడు నెమ్మదిగా. అంతా చెప్పాడు, ముల్లు సంగతీ, బంకు ఆయన మాటా, బిందె సంగతీ. "దారి కూడా మర్చిపోయే రోజు వస్తుంది. అప్పుడు నన్ను ఇంటికి తీసుకురావడానికి మీ అక్కకు నడపడం రావాలి. నేను ఇవ్వబోతే నా చేయి రావట్లేదు, అందుకే నిన్ను వెళ్ళమంటున్నా. అక్కకు మాత్రం చెప్పకు. ఒట్టు వెయ్యి."

"డాక్టరుకు చూపించుకోవచ్చుగా?"

"చూపిస్తే దానికో పేరు పెడతాడు. కొన్నాళ్ళు పేరు లేకుండా ఉండనీ."

ఇంతలో పక్క కొట్టాయన చిన్న కాటా పట్టుకొచ్చి, "ముల్లు తేడాగా ఉంది, చూస్తారా?" అన్నాడు. బావ కూర్చుని, స్ప్రింగు సరిచేసి, ఖాళీ, సగం, నిండు మూడూ చూసి ఇచ్చాడు. చేయి తడబడలేదు, ఒక్క మర కూడా మర్చిపోలేదు. ఈ మనిషికి మతిపోవడమేమిటి? కానీ ఒకరు చెబితే కొట్టిపారేయొచ్చు. ఇద్దరూ చూశామంటున్నారే! ఇద్దరి ఒట్లూ మోసుకుని, ఏది నమ్మాలో తెలియక, తాళం తీసుకుని బయల్దేరాను.

ఊరి నడిబొడ్డున కారు దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది. గుడ్డ తీసి చూస్తే ముల్లు నిండుకు ఆనుకుని ఉంది. వెనక హారన్లు, తిట్లు. నేనూ తిరిగి తిట్టి, మెకానిక్‌కు ఫోన్ చేశాను. వచ్చాడు. టాంకు మూత తీసి చెవి పెట్టి కారును అటూ ఇటూ ఊపాడు.

"అయిపోయింది" అన్నాడు.

"ఇంకా మొదలే పెట్టలేదు, ఏమయిపోయిందయ్యా?"

"పెట్రోలమ్మా. చుక్క లేదు."

"కళ్ళున్నాయా నీకు? ముల్లు చూడు!"

చూశాడు. తల గోక్కున్నాడు. తెచ్చిన డబ్బాలోంచి కాస్త పోశాడు. నేను తాళం తిప్పి ముల్లునే చూస్తూ కూర్చున్నాను. ముల్లు కిందికి దిగింది. ఇంకాస్త పోశాడు. ఇంకాస్త దిగింది. ఇద్దరం తెల్లమొహాలు వేశాం.

"ఆ కంపెనీ ఫ్లోటు ఈ ముల్లుకు తలకిందులేమో" అని గొణిగాడు. "పోస్తే తగ్గుతుంది, అయిపోతే పెరుగుతుంది. సగంలో మాత్రం తిన్నగా ఉన్నా తలకిందులైనా ఒకటే."

అతన్ని ఏమన్నానో ఇక్కడ రాయలేను. మిగిలిన డబ్బాతో సహా అతన్ని కారులో కుదేసి వెనక్కి తిప్పాను. దారంతా ఒకటే ఏడుపు, ఒకటే నవ్వు. అతను భయపడి తలుపుకు అతుక్కుని కూర్చున్నాడు.

రాళ్ళ పెట్టె తెచ్చి అక్కావాళ్ళ వంటింటి బల్ల మీద దబ్బున పెట్టాను. అక్క పెట్టెను చూసింది. బావ నన్ను చూశాడు.

"ఒట్లు తీసి గట్టు మీద పెట్టేశాను. ఇద్దరూ వినండి" అన్నాను. "బావా, నువ్వు పెట్రోలు పోయించలేదు. పోయించి మర్చిపోనూ లేదు. నీ బుర్ర బంగారంలా ఉంది. ఆ ముల్లే తలకిందులుగా ఏడుస్తోంది!"

బావ బయటికి నడిచాడు. మెకానిక్ చేత మిగిలిన పెట్రోలు కొద్దికొద్దిగా పోయిస్తూ ముల్లు ముందు కూర్చున్నాడు. పోసినకొద్దీ అది దిగుతూ వచ్చింది. అది చూస్తూ, "సగం ఒక్కటే చూశాను" అన్నాడు. "మూడూ చూడకుండా ఊఁ అనేశాను. ఎవరి కాటాకీ అలా అనలేదు." స్టీరింగు మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అక్క కిటికీ దగ్గర నిలబడింది. "మీరూ చూశారా ముల్లుని?"

"నువ్వెప్పుడు చూశావ్?"

"మీరు గుడ్డ కప్పకముందు నుంచీ. మీకు తెలిస్తే బెంగ పెట్టుకుంటారని..."

"నువ్వు చూస్తావనేగా నేను గుడ్డ కప్పింది!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కపక్కన కూర్చుని, ఒకే ముల్లు చూసి, ఇన్నాళ్ళు ఒకరికొకరు కిక్కురుమనలేదు! అదే అన్నాను. నా మాట ఎవరూ వినిపించుకోలేదు.

బావ కళ్ళు తుడుచుకుని నవ్వాడు. మెకానిక్, "రేపు సరైన ఫ్లోటు వేసేస్తా సార్, అయిపోయింది" అని చల్లగా జారుకున్నాడు. నేను రాళ్ళ పెట్టె తెచ్చి డిక్కీలో పెట్టాను.

"ఇంక నీకు ఆ డ్రైవింగు తిప్పలెందుకులే. రేపట్నుంచి నేనే తిప్పుతాను" అన్నాడు బావ అక్కతో.

అక్క కారు తలుపు తీసింది. "కాస్త జరగండి. ఇవాళ్టి పాఠం ఇంకా కాలేదు."

"ఎందుకే? నాకేం లేదని తేలిపోయిందిగా!"

"ఇవాళ్టికి తేలింది" అంది అక్క.

బావ నవ్వు ఆగిపోయింది. మెల్లగా జరిగి పక్క సీటులోకి మారాడు. ముల్లు మీది గుడ్డ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ముందు అద్దం సరిచేసుకో" అన్నాడు.