కణుజు వేటలో కాల్చిందెవరు

ఆ రోజుల్లో ఇరవయ్యేళ్లు నిండిన ప్రతి మగవాడూ తానొక వీరుడినని నమ్మేవాడు. సొంతంగా నమ్మలేనివాడికి ఎవరో ఒక స్నేహితుడు ఉండి నమ్మించేవాడు. నాకు ఆ ఉపకారం చేసినవాడు మా ‘దొర’. పేరుకే దొర, పుత్తూరు దగ్గర వేరుశనగ పండించుకునే కుటుంబం వాడిది. ఖాకీ నిక్కరు, పాత టోపీ, వాళ్ల నాయన వదిలిపోయిన తుపాకి, బుగ్గల దాకా పాకిన మీసం కలిసి వాడికి ఆ పేరు తెచ్చిపెట్టాయి. నేను తిరుపతిలో ఒక బట్టల కొట్లో గుమాస్తాను. పొద్దస్తమానం పంచెలు మడిచే చేతులకు ఒకసారి తుపాకి పట్టుకోవాలని అనిపించడంలో వింతేమీ లేదు. (పట్టుకున్నాక పంచెలే నయమనిపించిన మాటా నిజమే.) మా వేట గురించి మా వైపు చాలా ఏళ్లుగా ఒక కథ నడుస్తోంది. అందులో ఒక ముఖ్యమైన తప్పుంది. దాన్ని సరిదిద్దడానికే ఇప్పుడు కూర్చున్నాను.

వడమాలపేట అవతల, కొండ పక్కనున్న పల్లెలో దొరకు మేనమామ ఉండేవాడు. ఆయన కూతురంటే దొరకు ప్రాణం. ఆయనకు మాత్రం దొరంటే అనుమానం. ఒకనాడు పదిమందిలో అడిగేశాడు: “ఏమిరా అల్లుడా, సిరతను కొట్టినా, పందిని కొట్టినా అంటా ఉంటావు. మా సేన్లు మేసిపోతా ఉండే కణుజును ఒక్కదాన్ని కొట్టి సూపించు. దాని కొమ్ములు మా ఇంటి గోడకెక్కిన పొద్దే తాంబూలాలు మార్సుకుందాం.”

కణుజు అంటే దుప్పుల జాతిలో పెద్దది, ఎద్దంత ఉంటుంది, తల మీద శాఖలు శాఖలుగా కొమ్ములు. దొర చలికాలమంతా కాలు బెణికిందన్నాడు, యుద్ధం మూలంగా తుపాకి మందు దొరకలేదన్నాడు. చివరికి వేట పర్మిట్టు గడువు ముగియవస్తుండగా, ఇక చెప్పడానికి సాకులు లేక, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు.

వేకువన వంక గట్టున ఒక బండ చాటుకు చేరాము. దొర పైపంచె తల చుట్టూ కప్పుకుని ముడుచుకు కూర్చున్నాడు. అడిగితే చలి అన్నాడు. (ఎండాకాలం మొదలై చాలా రోజులైంది.) అంతలో వంకలో, మసక వెలుతురులో, ఒక పెద్ద ఆకారం కదిలింది. దాని తల మీద కొమ్ములు శాఖలు శాఖలుగా కనిపించాయి. దొర ఉన్నట్టుండి మహా ఉదారుడైపోయి, “నువ్వే కొట్టరా అబ్బా. స్నేహితునికి మొదటి దెబ్బ వదిలేస్తా ఉండా,” అంటూ తుపాకి నా చేతిలో పెట్టాడు. నేను గురి చూశాను, కళ్లు గట్టిగా మూసుకున్నాను, మీట నొక్కాను.

కళ్లు తెరిచేసరికి వంకలోంచి లేచి నా వైపు చూస్తున్నది కణుజు కాదు. గంగమ్మకు మొక్కి వదిలిన దున్నపోతు. మా వైపు జాతరకు చాలా ముందుగానే పోతును అమ్మవారి పేర వదిలేస్తారు. అది ఎవరి చేలో మేసినా ఎవరూ అదిలించరు, జాతర దాకా దాని మీద ఈగ వాలనివ్వరు. (జాతర రోజు సంగతి వేరు.) నేను చూసిన శాఖలు దాని వెనకనున్న ఎండిన రేగుచెట్టువి. అమ్మ దయ వల్ల పోతు ప్రాణానికి ఏమీ కాలేదు, ఒక కొమ్ము కొన మాత్రం ఎగిరిపోయింది. పేలుడు విని ఊరంతా పరుగెత్తుకొచ్చింది. వాళ్లు వచ్చేలోగా నేను ఒకే ఒక్క పని చేశాను. తుపాకిని తిరిగి దొర చేతుల్లో పెట్టేశాను.

“అమ్మ పోతునే కొడ్తివా రా!” మేనమామ నెత్తి పట్టుకున్నాడు.

“కణుజు అనుకుంటి మామా,” అన్నాడు దొర.

“కణుజు మెడలో యాపాకు దండ ఉంటాదంట్రా సామీ!” అని జనంలోంచి ఒక ముసలమ్మ.

దొర ఒక్కసారి నా వైపు చూశాడు. నేను ఎదురుగా ఉన్న కొండను చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాను.

పూజారి తీర్పు చెప్పాడు: కాల్చినవాడు మీసం తీయించుకుని, జాతరలో ఆడవేషం కట్టి, ఇంటింటికీ తిరిగి అమ్మకు తప్పు చెల్లించాలి. మేనమామ తన తీర్పు తాను చెప్పాడు: “అంతవరకు నా కూతురి ఊసెత్తొద్దు. ఆ తర్వాత గూడా ఆలోసన జేసి సెప్తా.”

జాతర నాడు దొర చీర కట్టి, గాజులు తొడిగి, కొప్పులో పూలు పెట్టుకుని, చేత వేపమండలతో వీధి వీధీ తిరిగాడు. నేను జనంలో నాలుగడుగులు వెనకగా నడిచాను. మేనమామ వాకిట్లో ఆయన కూతురు, వేషం కట్టి వచ్చినవాళ్లందరికీ పోసినట్టే దొర కాళ్లకూ నీళ్లు పోయడానికి చెంబుతో వచ్చి, తలెత్తి వాడి ముఖం చూసి, చెంబు కింద పెట్టేసి పమిట నోటికడ్డం పెట్టుకుంది. పెళ్లి తప్పిపోయిందనే అనుకున్నాను. తలుపు చాటుకు వెళ్లి తండ్రితో ఆమె అన్న మాట వీధిలోకి వినిపించింది: “నాయనా, ఈయన్నే సేసుకుంటా. మీసం లేకపోతే మొగం ఎంత సక్కంగా ఉండాదో సూడు!”

ఆ పెళ్లిలో నేను పాయసం రెండోసారి కూడా అడిగి వడ్డించుకున్నాను. నోరు మాత్రం విప్పలేదు.

మొన్న పుత్తూరు వెళ్లినప్పుడు, తల నెరిసిన తర్వాత కూడా దాచడం దేనికని, దొర భార్య ముందు అంతా చెప్పేశాను. ఆమె బియ్యం ఏరుతూనే, “తెలుసులే అన్నా. ఈయప్ప అయ్యుంటే కొమ్ముక్కూడా తగిలేది కాదు. నువ్వు ఎప్పుడు సెప్తావో అని ఇన్నేండ్లూ కాపీ ఇచ్చి కూసోబెడతా ఉండా,” అంది.

వసారాలో పడుకున్న దొర దిగ్గున లేచి కూర్చున్నాడు. “సెప్పేస్తివా? నా మనవళ్లకు ఏం సెప్పుకోవాల్రా ఇంక? మసక సీకట్లో కొమ్ము కొన ఎగరగొట్టినా అని రోజూ సెప్తా ఉండా కదరా! నా పేరు మీద ఉండే గురి అదొక్కటే. దాన్నీ ఎత్తుకపోతివా?”

నింద దించుదామని వెళ్లినవాణ్ని ఆస్తి లాక్కున్నవాడిలా తలదించుకుని బస్సెక్కాను. దారిలో, ఒకప్పుడు నేనే అయిన ఆ బట్టల కొట్టు కుర్రవాడు గుర్తొచ్చాడు. బతుకులో ఒకే ఒక్కసారి దేనికో తగిలిన గురిని, బరువనుకుని, అంత తొందరగా ఇంకొకడి చేతుల్లో పెట్టేశాడు పిచ్చివాడు. వాడి మీద కోపం రాలేదు. కిటికీ వైపు తిరిగి, పక్కనున్నవాళ్లకు కనపడకుండా నవ్వుకున్నాను.