మచ్చలేని డిటెక్టివ్

తోటి రచయితలు ఆమెను హత్యలక్కయ్య అంటారు. నవలకు ముగ్గురికి తక్కువ కాకుండా చంపుతుంది గానీ, దారిలో చీమ కనిపిస్తే అడుగు పక్కకు వేస్తుంది. ఆదివారం ఉదయం డిటెక్టివ్ నవలలు రాసే నలుగురూ కాఫీ హోటలు మేడ మీద కలుస్తారు. అక్కయ్య కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాఫీ సాసరులో పోసుకుని, అది తాగాకే కాగితాలు విప్పుతుంది. ఆమె డిటెక్టివ్ తాగడు, అబద్ధమాడడు, అలారం లేకుండా లేస్తాడు. పబ్లిషరు రెండు నవలలు తిప్పి పంపాడు. ఇంకోటి కూడా తిరిగొస్తే రాయడమే మానేస్తానంటోంది. "మీవాడు మరీ కడిగిన ముత్యమక్కయ్యా. ఏదో ఒక లోపం పెట్టండి" అని పోయినవారం అందరూ బతిమాలితే, మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

ఈవారం గొంతు సవరించుకుని కొత్త అధ్యాయం చదివింది. ఆమె డిటెక్టివ్ మాటల్లో పడి ఎదుటివాళ్ల పెన్నులు జేబులో వేసుకుంటాడు. ఆ సంగతి అతనికే తెలియదు. "ఇలాంటి మనుషులు కూడా ఉంటారా అని నవ్వరు కదా?" అని బెరుగ్గా అడిగింది.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డారు.

"ఉంటారక్కయ్యా," అన్నాడు బ్యాంకు దొంగతనాలు రాసే ఆయన. "ఇన్నాళ్లకి మీవాడు మనిషయ్యాడు. కాకపోతే, అతన్ని చివరిదాకా ఎవరూ పట్టివ్వకూడదు."

అక్కయ్య మొహం వెలిగిపోయింది. మర్చిపోకముందే రాసుకోవాలని ఆయన ముందున్న పెన్ను అందుకుంది. రాసి, మూత పెట్టి, తన సంచిలో వేసుకుంది. ఆయన ఆదివారాలకని తెచ్చుకునే రెండో పెన్ను తన జేబులోంచి తీశాడు.