పదివేల ఒకటి జాతకం

యంత్రాలకు పళ్ళచక్రాలు కోసే ఆ షెడ్డులో ఆయన్ని అందరూ లెక్కల మామయ్య అనేవారు. ఇప్పుడు షెడ్డుకు యజమాని ఆయన సొంత మేనకోడలే. నలభై ఏళ్ళుగా తాను కోసిన ప్రతి చక్రం పళ్ళ సంఖ్యకూ ఆయన నోటుపుస్తకంలో జాతకం రాసిపెట్టాడు. సరా, బేసా, దేనితో భాగం పోతుంది, దేనికీ లొంగని మొండి ఘటమా అని. పెళ్ళి సంబంధాలకు కూడా ఎవరూ అంత ఆరా తీసి ఉండరు.

ఆరు నెలలుగా ఆయన చేయి వణుకుతోంది. ఇక పని మాన్పించక తప్పదని మేనకోడలికి తెలుసు. మూడు రోజులుగా ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. తనకు పని నేర్పిన మనిషికి ఆ మాట ఎలా చెప్పడం?

ఆ ఉదయం ఒక పరిశోధనశాల నుంచి పళ్ళచక్రాల పెట్టె ఒకటి కావాలని ఆర్డరు వచ్చింది. పిడిని పదివేల ఒక్కసారి తిప్పితే చివరి ఇరుసు సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలట. ఆ సంఖ్యను రెండు మూడు చిన్న చక్రాలకు పంచవచ్చేమోనని ఆమె మధ్యాహ్నం దాకా భాగించి చూసి పెన్ను పక్కన పడేసింది.

"ఇది మనవల్ల కాదు మామయ్యా. దేనితోనూ భాగం పోవట్లేదు. ప్రధాన సంఖ్యే. అన్ని పళ్ళున్న చక్రం ఈ షెడ్డులో పట్టదు."

"ఎంతదాకా చూశావు?"

"అరవై ఆరు దాకా."

ఆయన నవ్వాడు. పళ్ళ మధ్య ఎడం కొలవడానికి వాళ్ళు వాడే చిల్లుల పళ్ళెంలో చిట్టచివరి వరుస అరవై ఆరు చిల్లులది. ఆ పళ్ళెంతో పెరిగినవాళ్ళకు లోకం అక్కడితో ఆఖరు.

"వంద వందలు పదివేలు కదా, వంద దాకా చూడాలి తల్లీ. వంద వర్గానికి ఒకటి కలిపితే ఇదే సంఖ్య. డెబ్బై ఆరు వర్గానికి అరవై ఐదు వర్గం కలిపినా ఇదే. ఇలా రెండు రకాలుగా రెండు వర్గాల మొత్తమయ్యేది ప్రధాన సంఖ్య కానే కాదు. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండి పెద్దమనిషిలా కనిపిస్తుంది గానీ, లోపల ఇద్దరున్నారు. డెబ్బై మూడు, నూట ముప్పై ఏడు. అసలు మొండి ఘటాలు వాళ్ళు."

పిడి ఒక చుట్టు తిరిగితే డెబ్బై మూడు పళ్ళ మొదటి చక్రం ఒక పన్ను జరుగుతుంది. మొదటిది పూర్తిగా తిరిగితే నూట ముప్పై ఏడు పళ్ళ రెండోది ఒక పన్ను జరుగుతుంది. అంతే, లెక్క కుదిరిపోయింది. ఆమెకు సిగ్గూ గర్వమూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"డెబ్బై మూడు నేను కోస్తా," అన్నాడాయన. ఆమె కాదనలేకపోయింది.

పళ్ళెంలో డెబ్బై మూడు చిల్లుల వరుస లేదు కనుక, దానికి తోడు అదనపు చక్రాలు బిగించుకుని సాయంత్రం దాకా వంగి కోశాడు. తీరా చూస్తే ఆఖరి పన్ను సన్నగా, సగం కొరికేసినట్టు వచ్చింది. చేయి వణికి ఎక్కడో చిల్లు తప్పింది.

ఆయన చక్రాన్ని వెలుతురులో తిప్పి చూసి, తానే తుక్కు డబ్బాలో వేశాడు.

"నా చేతి పని ఇవాళ్టితో సరి తల్లీ. చెప్పలేక నువ్వెంత అవస్థ పడుతున్నావో చూస్తూనే ఉన్నా. ఇలా రా. నువ్వు కొయ్యి, నేను లెక్కపెడతా."

ఆమెకు ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకుని, కొత్త ఇనుపబిళ్ళ బిగించి మొదటి పన్ను కోసింది.

"ఒకటి," అన్నాడాయన.