కాయ పెరికిన నాడు వానపాట

మా అత్తగారి ఊళ్ళో నేను బస్సు దిగితే ముందు ఎవరూ నా మొహం చూడరు. తలెత్తి ఆకాశం చూస్తారు. అక్కడ మబ్బు తునక ఏదీ లేదని రూఢి చేసుకున్నాకే "ఏమప్పా, బాగుండావా?" అని పలకరిస్తారు. మబ్బు ఉంటే ఆ పలకరింపు కూడా ఉండదు, ఆడవాళ్ళు గబగబా మిద్దెలెక్కుతారు.

ఒకే ఒక్క పాటతో ఒక ఊరి పంటనూ నా పెళ్ళినీ కలిపి నీళ్ళలో ముంచబోయిన ఘనుణ్ణి నేను. ఆ కథే ఇప్పుడు చెప్పబోతున్నాను. హాయిగా నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. మిద్దె మీద ఏమైనా ఆరబెట్టి ఉంటే మాత్రం ముందు దించుకుని వచ్చి కూర్చోండి.

నేను పుట్టి పెరిగింది తాడిపత్రిలో. మాది బండల పాలిష్ ఫ్యాక్టరీ, ఇల్లు కూడా దాని పక్కనే. ఆ మిషన్ల మోతలో "అమ్మా, ఇంకొంచెం పప్పు" అనాలన్నా ఎన్నికల సభలో మాట్లాడే గొంతు కావాలి. అందువల్ల నాకు శ్రుతి అంటే ఏమిటో తెలియకపోయినా, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడేది. కాలేజీలో నేను పాడుతుంటే మైకు సెట్టు అతను మైకు ఆపేసి టీ తాగడానికి వెళ్ళేవాడు. దాన్ని నేను నా ప్రతిభకు దక్కిన గౌరవం అనుకునేవాణ్ణి.

ఇక సేద్యం అంటారా? శెనక్కాయలు ఉడకబెట్టి, ఉప్పు వేసి, కాగితం పొట్లంలో ఇస్తారని తెలుసు. పొట్లంలోకి రాకముందు అవి ఎక్కడ ఉంటాయో, ఏం చేస్తుంటాయో నేను ఏనాడూ ఆలోచించలేదు. రాళ్ళ మధ్య పెరిగినవాణ్ణి మరి.

ఇలాంటి నాకు నల్లమాడ దగ్గరి పల్లెలో సంబంధం చూశారు. అమ్మాయి పేరు రమ. వాళ్ళ నాయన నాగన్న మామ మెట్ట సేద్యగాడు. పెళ్ళిచూపుల్లో మామూలుగా ఉద్యోగం అడుగుతారు, ఆస్తి అడుగుతారు. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"ఏమప్పా, పాట వస్తాదా?"

"నాకా మామా?"

"నీకే. మా బిడ్డకు వస్తాదిలే."

తర్వాత తెలిసింది, ఆయనకు చెక్కభజన అంటే ప్రాణమని. కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, చేతుల్లో చెక్కలు వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ పాడుతూ ఆడతారే, అదన్నమాట. ఆ ఏడు వాళ్ళ ఊళ్ళో కొత్త జట్టు తయారైంది. గురువు దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా మొదటిసారి గజ్జె కట్టి ఊరి ముందు ఆడే పండగను గజ్జె పూజ అంటారు. దాని ఏర్పాట్లన్నీ ఆయన నెత్తి మీదే ఉన్నాయి.

రమ తలుపు పక్క నుంచి నన్నే చూస్తోంది. ఆ చూపు ముందు "రాదు" అనే మాట నా నోట ఎలా వస్తుంది చెప్పండి?

"బ్రహ్మాండంగా వస్తాది మామా," అన్నాను.

మామ మొహం వెలిగిపోయింది. "అట్లయితే గజ్జె పూజకు రాప్పా. ఊరంతా వస్తాది. నువ్వొక పాట పాడు. మనోళ్ళు విని మెచ్చుకుంటే తెల్లారి తాంబూలాలు మార్చుకుందాం. ఏండ్ల తర్వాత ఈ తూరి కాయ బాగా పట్టింది. అది ఇల్లు చేరితే పెళ్ళి దిమ్మతిరిగేట్లు చేస్తా."

ఇంటికొచ్చి తెగ ఆలోచించాను. అనంతపురం సీమ మనుషుల గుండె కరగాలంటే ఏం పాడాలి? వానపాట! నేను పుట్టినప్పటినుంచి ఈ నేల మీద "వాన వద్దు" అన్న మనిషిని చూడలేదు. నా చిన్నప్పుడు మా అవ్వ పాడిన పాట ఒకటి గుర్తుంది. దాన్ని మిషన్ల మధ్య నిలబడి రోజూ సాధన చేశాను. మా నాయన రెండు చేతులతో చెవులు మూసుకుని, "ఒరే శీనా, ఆ పిల్ల తరపోళ్ళు సంబంధం వద్దంటే నన్ను అడగొద్దురా," అన్నాడు. ఆయనకు సంగీత జ్ఞానం తక్కువని సరిపెట్టుకున్నాను.

గజ్జె పూజకు ముందురోజు రమ ఫోన్ చేసింది.

"ఏం పాట పాడతాండారు?"

"చెప్పను. వింటే మీ ఊరోళ్ళ కండ్లల్లో నీళ్ళు తిరగాల."

"నీళ్ళేంటికి? కాయ పెరికినారు, అందరూ కుశాలగా ఉండారు. ఏదన్నా హుషారు పాట పాడండి."

"నువ్వు చూస్తాండు," అని ఫోన్ పెట్టేశాను. ఆ "కాయ పెరికినారు" అన్న మాట దగ్గర బుద్ధి ఉన్నవాడెవడైనా ఆగి, "అంటే ఏమిటి?" అని అడుగుతాడు. నేను అడగలేదు.

గజ్జె పూజ రోజు కదిరిలో బస్సు మారి, కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరు దగ్గరపడే కొద్దీ చేలకేసి చూస్తూ ఉన్నాను. ఏ చేను చూసినా చెట్లన్నీ వేళ్ళు పైకి, ఆకులు కిందకి తిరగబడి, వాడిపోయి, వరసలు వరసలుగా పడి ఉన్నాయి. అయ్యో, కరువు మరీ ఇంత ఘోరంగా ఉందా! పాపం, నిలబడే ఓపిక కూడా లేక పడిపోయినట్టున్నాయి. రుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాను. వానపాట ఎంచుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

బస్సు దిగగానే మామ ఎదురొచ్చాడు. ఆయన రెండు చేతులూ పట్టుకుని, "మామా, ధైర్యంగా ఉండు," అన్నాను.

"దేనికప్పా?"

"దోవలో చేన్లు చూసినా. అన్నీ ఎండిపోతాండాయి."

"ఎండాల గదప్పా!" అన్నాడు మామ ఉత్సాహంగా. "ఎండితేనే గదా మనకు! ఇంగా గట్టిగా ఎండాల!"

ఎంత గుండె నిబ్బరం! ఇంత కష్టంలోనూ పరిహాసమాడుతున్నాడు! ఈ మనిషికి అల్లుణ్ణి కావడం పూర్వజన్మ సుకృతం అనుకున్నాను.

పొద్దు గూకగానే బడి ముందర మైదానంలో ట్యూబులైట్లు వెలిగాయి. ఒక పక్క హార్మోనియం, మరో పక్క మద్దెల. నడుముకు ఎర్ర గుడ్డలు బిగించిన జట్టు గుండ్రంగా నిలబడింది. గురువు ఓబులేసన్న ఈల వేశాడో లేదో, గజ్జెలన్నీ ఒక్కసారిగా ఘల్లుమన్నాయి. చెక్కలు టకటకలాడుతుంటే, ఎగిరిన కాళ్ళు ఎగిరినట్టే దిగుతుంటే, నిజం చెబుతున్నాను, నా ఒళ్ళు పులకరించింది. ముసలివాళ్ళు కూడా కూర్చున్నచోటే భుజాలు ఎగరేస్తున్నారు. ఆ సంతోషం చూసి, కరువులో కూడా వీళ్ళకు ఇంత సంబరమేమిటా అని ఆశ్చర్యపోయాను తప్ప, నా అనుమానం అంతకుమించి ఒక్క అడుగు ముందుకు వేయలేదు.

ఇక్కడ ఆ గురువు కట్టడి ఒకటి మీకు చెప్పాలి. గజ్జె పూజ నాడు ఎత్తుకున్న పాటను మధ్యలో ఆపకూడదు. ముందు పాడేవాడు ఏమంటే జట్టంతా అదే తిరిగి అనాలి. మంగళం పాడేదాకా ఆట నిలవకూడదు. నిలిస్తే ఆ జట్టుకు అచ్చిరాదట.

"ఇప్పుడు నాగన్నకు కాబోయే అల్లుడు ఒక పాట పాడతాడు," అన్నాడు గురువు. చప్పట్లు మోగాయి. నా కాళ్ళకు గజ్జెలు కట్టారు. గొంతు సవరించుకుని, తాడిపత్రి మిషన్లన్నిటినీ తలచుకుని ఎత్తుకున్నాను:

"రావమ్మ రావమ్మ మబ్బు తల్లీ,
ఈ పొద్దె మా చేను తడుపు తల్లీ!"

చప్పట్లు చటుక్కున ఆగిపోయాయి. జట్టులో ముందున్నవాడు ఆముదం తాగినట్టు మొహం పెట్టాడు. కానీ కట్టడి కట్టడే గదా! "రావమ్మ... మబ్బు తల్లీ..." అని జట్టంతా గొణిగింది. కొత్తవాళ్ళు, సిగ్గుపడుతున్నారు కాబోలు అనుకుని, చేతులు ఊపుతూ ఉత్సాహపరిచాను. "గట్టిగా అప్పా! మబ్బుకు వినపడాల!"

జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

"ఎవడురా వీడు?"

"నాగన్న అల్లుడంట."

"అయినాడా, ఇంగా కాలేదా?"

"తెల్లారి తాంబూలాలు."

"అట్లయితే ఇంగా టైముండాదిలే."

నేను రెండో చరణం అందుకున్నాను:

"చెట్టు మీద కురుసి, గట్టు మీద కురుసి,
చేనంత ఏరల్లె పారు తల్లీ!"

ఈసారి జట్టులో ఎవరో తెలివైనవాడు వంత మార్చేశాడు. నేను "రావమ్మ" అంటే వాళ్ళంతా ఒక్క గొంతుతో "పోవమ్మ! పోవమ్మ! పక్కూరికి పోవమ్మ!" అన్నారు. ఇదేదో సవాలూ జవాబూ పద్ధతి అనుకుని మరింత రెచ్చిపోయాను. ఆడవాళ్ళ మధ్య నుంచి రమ లేచి నిలబడి రెండు చేతులూ అడ్డంగా ఊపుతోంది. ఎంత అభిమానం! నేనూ అలాగే రెండు చేతులూ ఊపి, శ్రుతి ఇంకాస్త పెంచాను.

ఎక్కడో ధడధడమంది. మద్దెల అనుకున్నాను. చూస్తే మద్దెలాయన చేతులు గాలిలోనే ఉన్నాయి. కదిరి దిక్కున ఆకాశం నల్లగా ఉంది. చల్లగాలి వచ్చి ట్యూబులైట్లను ఊపింది. హార్మోనియం మీద ఒక చినుకు టప్పున పడింది.

నా జీవితంలో అంతటి గర్వం మళ్ళీ కలగలేదు. నేను పిలిస్తే వాన వచ్చింది!

గురువు నా చెవి దగ్గరికొచ్చి పళ్ళు బిగించి అన్నాడు: "మంగళం పాడప్పా, బిన్నా, తొందరగా!"

"ఇంగా రెండు చరణాలు ఉండాయి గురువా."

"నీ చరణాలకు దండం పెడతా, మంగళం పాడు!"

"మంగళం నాకు రాదే!"

గురువు ఒక్క ఊపిరిలో మంగళం ముగించాడు. అంత వేగంగా దేవుడికి హారతి ఇచ్చినవాడు ఇంకొకడు ఉండడు. ఆ మరుక్షణం మైదానంలో మనిషన్నవాడు లేడు. టార్పాలిన్ పట్టలు, షామియానా, పుట్టినరోజు ఫ్లెక్సీలు, ఎవరికి ఏది దొరికితే అది లాక్కుని ఊరు ఊరంతా చేలలోకి పరుగెత్తింది. నేనూ మామ వెనకాల పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తుతున్నానో నాకు తెలియదు.

"మామా, వాన వచ్చింది గదా! ఏంటికి ఏడుస్తాండావు?"

"కట్టె తడుస్తాది అప్పా! పట్టు, ఆ పక్క పట్టు!"

"అవి ఎండిపోయిన చెట్లు గదా మామా?"

మామ ఆగిపోయాడు. ఒక చెట్టు ఎత్తి నా కళ్ళ ముందు పెట్టాడు. వేళ్ళకు గుత్తులు గుత్తులుగా కాయలు వేలాడుతున్నాయి. "శెనక్కాయ కట్టె ఇది, మేమే పెరికి ఎండబెట్టినామప్పా! ఇది తడిస్తే కాయ నల్లబడి మొలకలొస్తాది! దీన్ని నమ్ముకునే గదప్పా నీ పెండ్లి!"

అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు. ఈ మనిషి ఏండ్ల తర్వాత చూసుకున్న పంట మీదికి, ఆయన అల్లుణ్ణి కావాలనుకున్న నేనే, ఊరందరి చేతా పిలిపించి మరీ వానను తెచ్చానన్నమాట! ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెట్లు ఎత్తి కుప్ప వేశాను. కాళ్ళకు గజ్జెలు ఇంకా ఉన్నాయి. చేను చేనంతా ఘల్లు ఘల్లుమంటూ ఎర్ర నడికట్ల మనుషులు పట్టలు లాగుతుంటే, దూరం నుంచి చూసినవాళ్ళకు భజన అక్కడికి మారిందనిపించి ఉంటుంది.

నా అదృష్టమో, "పక్కూరికి పోవమ్మ" అన్న జట్టు మహిమో, కాసేపటికే వాన నిలిచిపోయింది. పైపైన తడిసింది తప్ప పంట దక్కింది.

తెల్లారి సంచీ సర్దుకుని, మామ కాళ్ళు మొక్కి వెళ్ళిపోదామని వాకిట్లోకి వచ్చాను. ఊరి పెద్దలంతా అక్కడే ఉన్నారు. నన్ను కొట్టడానికే వచ్చారనుకున్నాను.

"యాడికప్పా?" అన్నాడు మామ.

"ఊరికి పోతా మామా. నాది పెద్ద తప్పు."

"తప్పే. కానీ నువ్వు పోతే మాకు యట్ల?" ఆయన చాలా గంభీరంగా అన్నాడు. "మేము ఏండ్ల తరబడి పిలిస్తే రాని వాన, నువ్వు రెండు చరణాలు పాడేతలికి వచ్చింది. నిన్ను ఇడిసిపెడితే పక్కూరోడు అల్లుణ్ణి చేసుకుంటాడు. కూర్చో. తాంబూలాలు మార్చుకుందాం."

తలుపు పక్కన రమ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. అలా నాకు పెళ్ళయింది.

తర్వాత సంగతి కూడా వినండి. ఏటా విత్తనాల వేళ వాన మొహం చాటేస్తే మామ నన్ను పిలిపిస్తాడు. గజ్జె కడతారు. ఈసారి జట్టంతా గొంతు చించుకుని "రావమ్మ" అంటుంది. నేను రెండు చరణాలు కాదు, ఉన్నవన్నీ పాడతాను. ఆకాశం మా పాలిష్ బండలా నున్నగా, తళతళా మెరుస్తూ ఉంటుంది. ఒక్క చినుకు రాలదు. కాయ పెరికే వేళకు మాత్రం మామ తప్పకుండా ఫోన్ చేస్తాడు. "అప్పా, పెరుకుతాండాం. గొంతు ఎట్లుండాది? గమ్మునుండావు గదా?"

గమ్ముగానే ఉన్నాను మామా. అందుకే నాపరాయి మీద చేయి పెట్టి, ఇంతమంది పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చేలల్లో కాయ ఉన్నంతకాలం నా నోట పాట రాదు. స్నానాలగదిలో కూడా రాదు. కూనిరాగమైనా తీయను.

ఈ మాట రాస్తూ రాస్తూ, అలవాటు కొద్దీ, "రావమ్మ రావమ్మ" అని సన్నగా అన్నానట. నాకు తెలియదు. వంటింట్లోంచి రమ బయటికొచ్చి, ఆరబెట్టిన వడియాలు తేవడానికి పరుగున మిద్దె ఎక్కింది.