పెదనాయన చదివిన గెలుపు వార్త

మా చిన్నప్పుడు... పొద్దున్నే గిద్దలూరు బస్సులో పేపరు దిగిందంటే మా పంచలో కోర్టు మొదలైనట్టే. మాది రాచర్ల దగ్గర పల్లె. నాయనది ఒక పార్టీ, పక్కింట్లో ఉండే పెదనాయనది సరిగ్గా దానికి ఎదుటి పార్టీ. రెండిళ్ళకూ కలిపి ఒకటే పేపరు...

జడ్జి మా అవ్వ. ఆమెకు చదువు రాదు గానీ రాజకీయాలంటే చెవి కోసుకునేది. చేటలో కందులు చెరుగుతూ కొడుకులు చదువుతుంటే వినేది. మొదట్లో ఎవరి పార్టీ వార్త వాళ్ళే చదివేవారట... పొగడ్తలన్నీ గట్టిగా, తిట్లన్నీ మింగేసి! అవ్వకు విసుగొచ్చి ఒకరోజు తేల్చేసింది.

"మీ వార్త మీరే సదివితే ఉప్పూకారం మీకు కావల్సినట్ల ఏసుకుంటుండారు. ఇంగ వాంది నువ్వు సదువు, నీది వాడు సదువుతాడు. ఒక్క ముక్క ఇడిసిపెట్టినా నాకు తెలుస్తాది."

ఎలా తెలుస్తుందో మాకు తెలియదు... కానీ ఇద్దరూ భయపడేవారు. తమ్ముడి పార్టీని అన్న, అన్న పార్టీని తమ్ముడు, మూతి ముప్పై వంకర్లు తిప్పుకుంటూ చదువుతుంటే పిల్లలం మాకు నవ్వు ఆగేది కాదు. ఆ తర్వాత వాదన ఎంత వేడెక్కినా, అవతలివాళ్ళ మాట పూర్తిగా విన్నాకే మొదలయ్యేది.

ఒక ఏడాది ఎన్నికలు మాత్రం గట్టిగా తగిలాయి. నాయన పార్టీ వాళ్ళు జీపును పెదనాయన గుమ్మం ముందే ఆపి, మైకులో ఆయన పార్టీని తిట్టిపోశారు. ఆ జీపులో నాయన కూడా ఉన్నాడు. ఆ రోజు నుంచి పెదనాయన మా గడప తొక్కలేదు. ఇంతలో ఫలితాలొచ్చాయి... నాయన పార్టీ గెలిచింది, పెదనాయన పార్టీ చిత్తుగా ఓడింది.

మర్నాడు పేపరొచ్చింది. అవ్వ పెట్టిన పద్ధతి ప్రకారం ఆ గెలుపు వార్త చదవాల్సింది పెదనాయన!

"నేనే సదువుతాలే అమ్మా" అన్నాడు నాయన, మెల్లగా.

"వాడు వచ్చినాకనే" అంది అవ్వ.

అమ్మ టీ మళ్ళీ మళ్ళీ వేడి చేస్తోంది. ఇక ఈ రెండిళ్ళకు మాటల్లేనట్టే అని నాకు ఏడుపొచ్చింది.

పెదనాయన వచ్చాడు... ఎవరి వైపూ చూడకుండా కళ్ళద్దాలు తుడుచుకుని, పేపరందుకుని చదవడం మొదలుపెట్టాడు. తన పార్టీకి డిపాజిట్లు పోయిన చోట ఆగి, కళ్ళద్దాలు తీసి మళ్ళీ తుడుచుకున్నాడు.

నాయన ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "చాల్లే అన్నా... ఆ పొద్దు నేను జీపు దిగిపోయి ఉండాల్సింది."

"ఉండ్రా. పోయిన తూరి మేం గెలిస్తే నువ్వు మొత్తం సదివినావు గదా" అని పెదనాయన చివరి అక్షరం దాకా చదివాడు. పేపరు మడిచి నాయన చేతిలో పెట్టి, "బాగా గెలిచినార్రా" అన్నాడు.

నాయన తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని టీ తాగారు. ఆ పూట తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

ఇప్పుడు మా బంధువులందరికీ ఒక వాట్సాప్ గ్రూపుంది. "రాజకీయాలు పెట్టొద్దు" అని రూలు. గొడవల్లేవు, నిజమే... గుడ్ మార్నింగ్ పూలే పూలు! పెదనాయన కొడుకు మొన్న ఎవరికి ఓటేశాడో నాకు తెలియదు. అడుగుదామనుకుంటాను... అడిగితే గ్రూపులోంచి వెళ్ళిపోతాడేమోనని ఊరుకుంటాను.

మీ ఇంట్లో ఎదుటి పార్టీ వాళ్ళెవరు? వాళ్ళతో తీరిగ్గా కూర్చుని వాదించుకున్న రోజులుంటే చెప్పండి... వినాలనుంది.