బతికిన మొక్కల లెక్క

పొద్దున బూట్లు బాల్కనీలో ఆరబెట్టానో లేదో, విజయవాడలోని మా అద్దె వాటా అంతా మడ అడవి బురద వాసన కమ్మేసింది. పక్కవాటా ఆవిడ దభాలున కిటికీ మూసేసింది. నాకు మాత్రం మస్తాన్ గారు గుర్తొచ్చారు. ఆ మనిషి మీద నాకున్నది గౌరవమో కోపమో ఇప్పటికీ తేలదు.

కృష్ణా నది సముద్రంలో కలిసే చోట, చేపల వేట మీద బతికే ఊరు మాది. అక్కడ ఒక కంపెనీ వేల మడ మొక్కలు నాటించింది. నాటింది మా అమ్మా, మా వాడ ఆడవాళ్ళూ. వాటిలో ఎన్ని బతికాయో లెక్క చూడటానికి విజయవాడ నుంచి వచ్చినాయనే మస్తాన్ గారు. ఇంటరు పాసయ్యానని నన్ను సాయం పెట్టుకున్నారు. మోకాలిలోతు బురదలో కూడా పెళ్ళికొచ్చినట్టు ఇస్త్రీ చొక్కాతో నడిచేవారు. "ఆకు రాలినంత మాత్రాన చచ్చిందనుకోకమ్మా, గోటితో గీరి చూడు. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే" అనేవారు.

"ఇంత చాదస్తం ఎందుకండీ?" అని ఒకసారి విసుక్కున్నాను.

"మొక్క గాల్లో కార్బన్ని లాగి ఒంట్లో, వేళ్ళకింద బురదలో దాచుకుంటదమ్మా. మన లెక్క చూపించి ఎక్కడో ఎవరో అంత పొగ వదులుతారు. చచ్చినదాన్ని బతికిందని రాశామనుకో, అక్కడ పొగ నిజం, ఇక్కడ మొక్క అబద్ధం."

నా బుర్రకి సగమే ఎక్కింది.

రెండో ఏడు, పోటుకి వచ్చిన నీళ్ళు వెనక్కి పోని పల్లంలో నాటమన్నారు కంపెనీవాళ్ళు. "ఇక్కడ కుళ్ళిపోతాయి బాబూ" అని అమ్మ మొత్తుకున్నా వినలేదు. అన్నట్టే కుళ్ళాయి. వరసకి వరస గీరుకుంటూ పోయాను, ఎక్కడో గానీ పచ్చ కనబడదు. సగమైనా బతక్కపోతే మా ఊళ్ళో నాటే పని ఆపేస్తారు. వేట లేని నెలల్లో మా ఇల్లు గడిచింది అమ్మ తెచ్చే ఆ కూలితోనే.

"మీ కాళ్ళు పట్టుకుంటాను సార్, బతికాయని రాసేయండి."

ఆయన రిజిస్టరూ పెన్నూ నా చేతిలో పెట్టారు.

"గీరి చూసింది నువ్వు. నువ్వే రాయమ్మా. ఏం రాసినా కింద సంతకం పెడతాను."

నన్ను నమ్మారా, పరీక్ష పెట్టారా, లేక చేతకాక నా నెత్తిన తోసేశారా? ఎంత ఆలోచించినా అంతుబట్టదు. ఏడుస్తూనే ఉన్నది ఉన్నట్టు రాశాను. ఎందుకు రాశానంటే అదీ తెలియదు. ఆయన చూడకుండానే సంతకం పెట్టారు.

సాయంత్రం ఆడవాళ్ళు చుట్టుముట్టారు. "ఎవరయ్యా రాసింది?" అని అమ్మ నిలదీసింది.

"నేనేనమ్మా" అన్నారాయన తొణక్కుండా. ఎండుపుల్ల గురించి కూడా అబద్ధం రాయకూడదన్న మనిషి మా అమ్మ ముందు నిలబడి ఇంత అబద్ధం ఆడారు! అమ్మ దుమ్మెత్తి పోసింది. నేను ఆయన వెనక నిలబడి కిక్కురుమనలేదు. సిగ్గులేని దాన్ని.

ఊళ్ళో నాటే పని పోయింది. నేను మాత్రం ఇంకా మొక్కల లెక్కలు చూసే ఉద్యోగంతోనే బతుకుతున్నాను. పోయిన నెల మస్తాన్ గారు కాలం చేశారని తెలిసింది. ఆ కబురుతోపాటు అసలు సంగతి కూడా అమ్మకి చెప్పేద్దామని ఊరెళ్ళి అన్నం ముందు కూర్చున్నాను. పేరెత్తానో లేదో, "వాడి ఊసెత్తకు! ఆ లెక్క రాసిన చెయ్యి పడిపోనూ!" అంటూ అమ్మ నా కంచంలో ఇంకో గరిటెడు చేపల పులుసు పోసింది.

తలొంచుకుని అన్నం కలుపుకున్నాను.